తూటా మూతి బిగించాలా, వద్దా? రైఫిల్ రీలోడింగ్‌లో క్రింప్ ఎంపిక

దీపావళికి ముందు ఆదివారం. ప్రొద్దుటూరులో రాత్రి తొమ్మిదిన్నర, టెక్సాస్‌లో పొద్దున పదకొండు. మా మేనల్లుడు వాళ్ల గ్యారేజీలోంచి వీడియో కాల్ చేశాడు. ముందు రీలోడింగ్ ప్రెస్, అంటే పేల్చేసిన తూటాల ఇత్తడి గుల్లలను మళ్లీ నింపుకునే యంత్రం. చేతిలో ఒక తూటా.

"మామా, దీని మూతి నొక్కాల్నా వద్దా? ఒకడు నొక్కకపోతే ప్రమాదం అంటాడు, ఇంకొకడు నొక్కితే గురి చెడిపోతుంది అంటాడు. తల తిరిగిపోతాంది" అన్నాడు.

అదే సమయానికి మా వంటింట్లో కర్జికాయలు అవుతున్నాయి. కోస్తావాళ్లు కజ్జికాయలంటారు, అవే. మా ఆవిడ అచ్చులో పెట్టి నొక్కుతోంది. మా వదిన అచ్చు ముట్టుకోదు, అంచును వేళ్లతోనే జడ అల్లినట్టు మడుస్తుంది. మా అమ్మ ఈ రెండూ చేసేది కాదు. అంచుకు కాస్త తడి అద్ది రెండు పొరలూ అతికేది, అంతే. ఆమె చేతివి నూనెలో ఒక్కటీ విచ్చుకోగా నేను చూడలేదు. పొరలు సరిగ్గా అతుక్కుంటే అల్లిక లేకపోయినా నిలుస్తాయి. అతుక్కోకపోతే ఎంత అందంగా అల్లినా లోపలి పుట్నాల పొడి, బెల్లం నూనెలో తేలతాయి. ఫోన్ వంటింటి వైపు తిప్పి వాడికి అదే చూపించాను. వాడికి అర్థం కాలేదు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందుగా చట్టం సంగతి. నేను పద్నాలుగేళ్లు డాలస్ దగ్గర ఉన్నాను, ఈ పని అక్కడే నేర్చుకున్నాను, అక్కడే వదిలేసి వచ్చాను. అమెరికాలో సొంత వాడకానికి తూటాలు లోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి తయారు చేస్తే మాత్రం కావాలి. హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్న మన పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వలసేతర వీసా ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. నేనైనా, మావాడైనా గ్రీన్ కార్డు వచ్చాకే దీని జోలికి వెళ్లాం.

మన దేశంలో సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి విడిగా లైసెన్స్ ఉండాలి. పొలం కాపలాకని .315 రైఫిల్‌కు లైసెన్స్ తీసుకున్న పెద్దమనిషి అయినా సరే, తుపాకి లైసెన్స్ వేరు, తూటా తయారీ లైసెన్స్ వేరు. కడప, కర్నూలు అనగానే సినిమాలు చూసినవాళ్లకు ముందు నాటుబాంబులే గుర్తొస్తాయి కాబట్టి ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను. ఇంకొకటి: సెలవుకు ఊరికి వచ్చేటప్పుడు, షూటింగ్ రేంజ్‌కు వాడిన బ్యాగులో బట్టలు సర్దుకోవద్దు. అడుగున మరిచిపోయిన ఒక్క తూటా ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనబడితే చాలు, పండక్కి ఇంటికి బదులు పోలీస్ స్టేషన్‌కు పోవాల్సి వస్తుంది.

అసలు పట్టు ఎక్కడుంది

రైఫిల్ తూటాను చిన్న ఇత్తడి చెంబు అనుకోండి. పైన మూతి, దాని కింద సన్నటి మెడ, ఆ కింద భుజం, తర్వాత ఒళ్లు. ఈ ఇత్తడి గుల్లనే కేసు అంటారు. అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల తుపాకి మందు, మెడలో దిగగొట్టిన బుల్లెట్. క్రింప్ అంటే బుల్లెట్ కూర్చోబెట్టాక ఆ మూతి అంచును బుల్లెట్ మీదికి నొక్కడం.

బుల్లెట్‌ను ప్రధానంగా పట్టుకునేది మూతి కాదు, మెడ. పేల్చిన కేసును సైజింగ్ డైలోకి, అంటే దాన్ని తిరిగి కొలతకు తెచ్చే ఉక్కు అచ్చులోకి, తోసినప్పుడు మెడ బుల్లెట్ కన్నా కాస్త ఇరుకవుతుంది. .308 బుల్లెట్ అడ్డకొలత .308 అంగుళాలు. సైజ్ చేశాక మెడ లోపలి కొలత సుమారు .305 నుంచి .307 మధ్య ఉంటుంది. లేత్ షాపుల్లో మనవాళ్లు అంగుళంలో వెయ్యో వంతును 'థౌ' అంటారు చూడండి, ఆ లెక్కన ఒకటి నుంచి మూడు థౌల బిగువు. దీన్నే నెక్ టెన్షన్ అంటారు. మనకు తెలిసిన టెన్షన్ కాదు గానీ, ఇది లేకపోతే ఆ టెన్షన్ కూడా వస్తుంది.

మెడ మొత్తం పొడవునా ఉండే ఈ పట్టు ముందు, మూతి దగ్గర వెంట్రుకవాసి మడత ఎంత? చాలామంది కొత్తవాళ్లు చేసే పొరపాటు ఇదే. బుల్లెట్ వేలితో తోస్తే కదులుతోందంటే వెంటనే క్రింప్ డై కొంటారు. కదులుతోందంటే జబ్బు మెడలో ఉంది. సైజింగ్ డైలో మెడను లోపలి నుంచి సాపు చేసే ఎక్స్‌పాండర్ గుండు లావుగా ఉండొచ్చు. లేదా ఇత్తడి గట్టిపడి ఉండొచ్చు.

ఇత్తడి గట్టిపడటం మన కంచరివాళ్లకు బాగా తెలిసిన సంగతి. చెంబు కొడుతూ కొడుతూ ఉంటే లోహం మొండికేస్తుంది. అప్పుడు దాన్ని కాల్చి మెత్తబరిచి మళ్లీ సుత్తి పట్టుకుంటారు. కేసు మెడ కూడా అంతే. పేలినప్పుడల్లా సాగుతుంది, సైజ్ చేసినప్పుడల్లా ముడుచుకుంటుంది. కొన్ని విడతలయ్యాక గట్టిపడి, డైలోంచి బయటకు రాగానే స్ప్రింగులా వెనక్కి తెరుచుకుంటుంది. బిగువు ఒక్కో కేసుకు ఒక్కోలా ఉంటుంది. మెడను మాత్రం వేడిచేసి మెత్తబరచడమో, ఆ విడత కేసులు పక్కన పడేయడమో దారి. క్రింప్‌తో దీన్ని కప్పిపుచ్చలేం.

మెడ పట్టు సరిగ్గా ఉందని తేలాకే, పైన క్రింప్ కావాలా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు తూటాలో దొరకదు. ఆ తూటాను మీ రైఫిల్ ఎంత మొరటుగా చూసుకుంటుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నాలుగు దారులు

ఒకటి, అసలు క్రింప్ చేయకపోవడం. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో, అంటే ఒక్కో తూటాకూ చేత్తో గడియ తీసి వేసేదానితో, కాగితం మీద గురి చూసేవాళ్లలో చాలామందిది ఇదే దారి. తూటాను చేత్తో మెల్లగా పెడతారు, దాన్ని ఎవరూ గుద్దరు. పోటీల కోసం చేసే మ్యాచ్ బుల్లెట్లు చాలావాటికి చుట్టూ గాడి కూడా ఉండదు. కేసు మూతి నలగదు కాబట్టి కేసులు ఎక్కువ కాలం వస్తాయి. డై సెట్ చేయడంలో తప్పు చేసే అవకాశమూ తక్కువ. నా మాట అడిగితే, ఎవరైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఫలానా కారణం ఉంది అని చెప్పగలిగినప్పుడే మిగతా మూడింటి వైపు చూడాలి.

రెండు, రోల్ క్రింప్. మూతి అంచు లోపలికి వంకీ తిరిగి బుల్లెట్ గాడిలో కూర్చుంటుంది. ఆ గాడిని క్యానెల్యూర్ అంటారు, బుల్లెట్ నడుము చుట్టూ సన్నటి గీతల పట్టీలా కనిపిస్తుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో రాయి పొదగడం చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రాయి చుట్టూ ఉన్న బంగారు గట్టును మెల్లగా రాయి మీదికి ఒరిగేలా నొక్కుతారు. రాయికి ఆ అంచు సానపట్టి ఉండాలి. లేని చోట నొక్కితే గట్టు నిలవదు, రాయి బీటలిస్తుంది. గాడి లేని బుల్లెట్‌కు రోల్ క్రింప్ వేయడం అలాంటిదే. పైనున్న రాగి తొడుగు నొక్కుకుపోతుంది. లేదా మూతికి పోయే దారి లేక కింద భుజం ఉబ్బుతుంది. నాలుగింటిలోనూ గట్టి పట్టు దీనిదే, తప్పు చేస్తే ఎక్కువ నష్టమూ దీనితోనే.

మూడు, టేపర్ క్రింప్. ఇది వంకీ తిప్పదు, మూతిని ఏటవాలుగా కాస్త లోపలికి అదుముతుంది, అంతే. .30 కార్బైన్ లాంటి తూటా చాంబర్‌లో, అంటే నాళం వెనుక అది కూర్చునే గదిలో, మూతి అంచు మీదే ఆగుతుంది. అలాంటిదానికి రోల్ క్రింప్ వేస్తే ఆగాల్సిన అంచే మాయమవుతుంది కాబట్టి టేపరే వేయాలి. .223కూ చాలామంది ఇదే వాడతారు. పట్టు ఒక మోస్తరు, పొరపాటును కాస్త భరిస్తుంది.

నాలుగు, కాలెట్‌తో చేసేది. లీ కంపెనీ ఫ్యాక్టరీ క్రింప్ డై అని అమ్ముతుంది, అందరికీ తెలిసింది అదే. లోపల చీలికలున్న గొట్టం ఒకటి ఉంటుంది. ప్రెస్ పిడి దించితే, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్ ఆ గొట్టాన్ని పైకి తోస్తుంది, అది ముడుచుకుని మూతిని చుట్టుపక్కల నుంచి పిండుతుంది. డ్రిల్లింగ్ మెషిన్ చక్ బిట్‌ను పట్టుకోవడం గుర్తు తెచ్చుకోండి. కేసును పైనుంచి కిందికి తోసే పని ఇందులో లేదు కాబట్టి భుజం ఉబ్బే భయం దాదాపు ఉండదు. కేసుల పొడవులో కొద్దిపాటి తేడా ఉన్నా ఓర్చుకుంటుంది. గాడి లేని బుల్లెట్‌ను కూడా తేలిగ్గా పట్టగలదు. ఒక్క చిక్కుంది. అదే కంపెనీ పిస్టల్ తూటాలకు దాదాపు అదే పేరుతో అమ్మే కార్బైడ్ డై పనితీరు పూర్తిగా వేరు. అది కాలెట్ కాదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఏ తూటాకో చూసి కొనండి.

క్రింప్ అనే మాట ఇంకోచోట కూడా వినబడి తికమక పెడుతుంది. సైన్యానికి తయారైన 5.56 కేసులు చౌకగా దొరుకుతాయి. వాటి అడుగున ప్రైమర్ చుట్టూ కూడా ఇత్తడి నొక్కి ఉంటుంది, దాన్నీ క్రింప్ అనే అంటారు. కొత్త ప్రైమర్ పెట్టే ముందు ఆ నొక్కును తీసేయాలి, లేకపోతే ప్రైమర్ నలుగుతుంది. మనం మాట్లాడుతున్న మూతి సంగతికి దానికీ సంబంధం లేదు.

భుజం మీద ఉంగరం

ఇక నా తెలివితక్కువతనం. అప్పట్లో నా .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఇరవై తూటాలు లోడ్ చేశాను. కేసులు రేంజ్‌లో ఏరినవి, నాలుగు రకాలు కలిసిపోయినవి. గాడి ఉన్న బుల్లెట్లు దొరికాయి కదా, వేటకు పోయేవాళ్లంతా చేస్తున్నారు కదా అని రోల్ క్రింప్ వేద్దామనుకున్నాను. .308 కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, దాటితే కత్తిరించి 2.005కు తేవాలి. ఇరవై కేసులకు కత్తిరింపు ఏంటిలే అని కొలవకుండా కానిచ్చాను. పైగా చేతికి వచ్చిన మొదటి కేసు పెట్టి డై సెట్ చేశాను. అది అన్నింటిలోకీ పొట్టిదని తర్వాత తెలిసింది.

బుల్లెట్‌ను మెడలో దించే మామూలు సీటింగ్ డై లోపల ఒక మెట్టు ఉంటుంది. కేసు మూతి ఆ మెట్టుకు తగిలినప్పుడు లోపలికి వంగుతుంది. పొట్టి కేసు సరిగ్గా తగిలి ఆగింది. పొడుగు కేసు ముందే తగిలింది, నేను పిడి ఇంకా దించుతున్నాను. మూతి వంగడం అయిపోయాక మిగిలిన తోపు ఎక్కడికి పోవాలి? మెడకు లోపల బుల్లెట్ ఆసరా ఉంటుంది, భుజానికి ఉండదు. అక్కడ ఉబ్బింది. ఎంత? కంటికి కనిపించేంత కాదు. చేతితో తడిమినా తెలియనంత.

రేంజ్‌లో మొదటి రెండు తూటాలు బాగానే పేలాయి. మూడోదానికి బోల్ట్ మూతపడలేదు. అరచేత్తో ఒక గుద్దు గుద్దబోయాను. పక్క బెంచీ ముసలాయన, "నో, నో" అని చెయ్యి పట్టుకున్నాడు. బయటికి లాగి ఎండకు తిప్పి చూస్తే భుజం చుట్టూ సన్నటి ఉంగరంలా మెరుపు గీత. చాంబర్ గోడకు ఒరుసుకుని ఇత్తడి నిగారించిన చోటు అది. మిగిలిన పదిహేడింటినీ వరసగా పేర్చి చూశాను. ఏవి మంచివో కంటికి తెలియలేదు. ఆ సాయంత్రమంతా సుత్తిలాంటి బుల్లెట్ పుల్లర్‌తో టకటకా కొట్టి అన్నిటినీ విప్పాను. మా ఆవిడ గ్యారేజీలోకి వచ్చి, "రోలు కొట్టినట్టు కొడతా ఉండావు, ఏమైంది?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. రోల్ క్రింప్ చేయాల్సి వస్తే కేసులన్నీ ముందు ఒకే పొడవుకు కత్తిరించాలి, అందులో బేరం లేదు. బుల్లెట్ దించడం, క్రింప్ చేయడం ఒకే పోటులో చేయను. ఒకే పోటులో అయితే బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుండగానే మూతి దాని మీదికి వంగుతుంది, రాగి తొడుగును గీకేస్తుంది. ముందు డై ఒంటిని పైకి ఎత్తి పెట్టుకుని బుల్లెట్లన్నీ దించుతాను, మూతి గాడి మధ్యకు వచ్చేదాకా. తర్వాత బుల్లెట్‌ను తోసే లోపలి సీటింగ్ స్టెమ్‌ను పైకి తిప్పేసి, డై ఒళ్లు మూతికి తగిలేదాకా దించి, అక్కడి నుంచి చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున బిగిస్తాను. గోరు పెట్టి మూతి మీదుగా పైకి గీస్తే అంచు తగలకూడదు, బుల్లెట్ ఒంట్లోకి జారిపోవాలి. అంతవరకే. ఈ సెట్టింగంతా డమ్మీ తూటా మీద, అంటే మందూ ప్రైమరూ లేనిదాని మీద చేయాలి.

ఇంకా గట్టిగా నొక్కితే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది అనిపిస్తుంది. జరిగేది దానికి తిరుగుడు. ఇత్తడికి స్ప్రింగు గుణం ఉంది, బుల్లెట్ లోపలి సీసానికి లేదు. గట్టిగా నొక్కినప్పుడు రెండూ లోపలికి పోతాయి. వదలగానే ఇత్తడి కాస్త వెనక్కి వస్తుంది, సీసం నొక్కుకున్నచోటే ఉండిపోతుంది. మధ్యలో సందు మిగులుతుంది. మూతి దగ్గర చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మెడలో బుల్లెట్ వదులైపోతుంది. కాలెట్ డైతో కూడా ఇలా చెడగొట్టొచ్చు. అది భుజం ఉబ్బించదు గానీ బుల్లెట్‌ను పిండేయగలదు. షెల్ హోల్డర్‌కు తగిలాక అర చుట్టు దగ్గర మొదలుపెట్టి, అవసరమైతేనే ముందుకు పోండి.

ఏ రైఫిల్‌కు ఏది

మావాడి దగ్గర మూడున్నాయి: ఒక .308 బోల్ట్ యాక్షన్, ఒక ఏఆర్-15, ఈ మధ్యే కొన్న పాత .30-30 లీవర్ రైఫిల్. మూడింటికీ మూడు జవాబులు.

తేలికైన జవాబు లీవర్ రైఫిల్‌ది, అంటే కింద ఉన్న మీట ఆడించి తూటా ఎక్కించేదానిది. వించెస్టర్ 1894, మార్లిన్ 336 లాంటి వాటిలో తూటాలు నాళం కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి, ఒకదాని బుల్లెట్ ముక్కు ముందుదాని ప్రైమర్‌కు ఆనుకుని. వెనక్కి తోసే స్ప్రింగ్ బలం ఎప్పుడూ ఉంటుంది. పేల్చినప్పుడల్లా ఆ వరుసంతా ఒకదాన్నొకటి గుద్దుకుంటుంది. బుల్లెట్ కేసులోకి దిగబడితే లోపల చోటు తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ రోల్ క్రింప్ వేయాలి, గాడి ఉన్న బుల్లెట్ కొనాలి, కేసులు 2.029 అంగుళాలకు కత్తిరించాలి, .30-30 గరిష్ఠం 2.039. ముక్కు చదునుగా ఉన్న బుల్లెట్ అయి ఉండాలని వేరే చెప్పాలా? సూది ముక్కుది ముందు తూటా ప్రైమర్‌ను గుచ్చే ప్రమాదం ఉంది. గొట్టపు మ్యాగజైన్ల కోసమే మెత్తటి ప్లాస్టిక్ ముక్కుతో వచ్చేవి ఉన్నాయి, అవి వేరు.

.375 హెచ్ అండ్ హెచ్, .458 వించెస్టర్ మాగ్నమ్ లాంటి భారీ వాటికీ రోల్ క్రింపే, గట్టి మెడ పట్టుతో కలిపి. వాటి తన్నుకు (రీకాయిల్‌కు) మ్యాగజైన్‌లో మిగిలిన తూటాల ముక్కులు ముందు గోడకు కొట్టుకుంటాయి. మావాడికి అవసరం లేదు, అడిగితే కొనొద్దనే చెబుతాను.

.308 బోల్ట్ యాక్షన్‌కు, వాడు వాడే గాడి లేని మ్యాచ్ బుల్లెట్‌కు క్రింప్ వద్దు. వాడికి నమ్మకం కుదరలేదు. "రీకాయిల్‌కు కదిలితే?" అన్నాడు. అది ఊహించాల్సిన పని లేదు, కొలవొచ్చు. మ్యాగజైన్ నింపి, అన్నిటికన్నా అడుగున ఉండే తూటా పొడవు కాలిపర్‌తో కొలిచి రాసుకోవాలి. పైవాటిని పేల్చి, దాన్ని పేల్చకుండా బయటికి తీసి మళ్లీ కొలవాలి. అంకె మారకపోతే ఆ ప్రశ్న అక్కడితో సరి.

ఏఆర్-15 దగ్గరే అసలు వాదన. అది సెమీ ఆటోమేటిక్, పేలిన ప్రతిసారీ తర్వాతి తూటాను తనే ఎక్కించుకుంటుంది. వాడు దానికి వాడే తూటా .223. బోల్ట్ స్ప్రింగు బలంతో దూసుకొచ్చి తూటాను మ్యాగజైన్‌లోంచి లాక్కుని, ఏటవాలు మెట్టు మీదుగా చాంబర్‌లోకి విసురుతుంది. ముక్కు మెట్టుకు తగిలితే బుల్లెట్ లోపలికి దిగొచ్చు. మరో వింత కూడా జరగొచ్చు. తూటా చాంబర్‌లో ఠక్కున ఆగినప్పుడు, బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, బుల్లెట్ ముందుకు జరగొచ్చు. ఈ రెండింటి భయంతోనే "సెమీ ఆటోమేటిక్ అయితే క్రింప్ తప్పదు" అంటారు. నేను అంత దూరం పోను. మెడ పట్టు బాగుంటే .223 చాలాసార్లు ఏమీ లేకుండానే నిలుస్తుంది. కానీ గాడి ఉన్న 55 గ్రెయిన్ల బరువుండే మామూలు బుల్లెట్లు వందలకొద్దీ లోడ్ చేసేవాడు, ప్రతి విడతా మెడలు కొలిచే ఓపిక లేనివాడు, తేలికపాటి టేపర్ గానీ కాలెట్ క్రింప్ గానీ వేసుకుంటే తప్పు లేదు. మావాడు రెండో రకం. కాలెట్ డై కొనమన్నాను. ఆ డై ధర పూర్తి డై సెట్ కన్నా బాగా తక్కువ.

దీనికీ పరీక్ష ఉంది. ఐదు డమ్మీలు చేసుకోండి, మందు లేదు, ప్రైమర్ లేదు. ఒక్కోటి కొలిచి, కేసు మీద మార్కర్‌తో పొడవు రాయండి. .223 మొత్తం పొడవు 2.260 అంగుళాలు దాటకూడదు. మ్యాగజైన్‌లో పెట్టి బోల్ట్‌ను చేత్తో మెల్లగా వదలకుండా, దాని స్ప్రింగుకే వదిలేయండి. బయటికి తీసి కొలవండి. ఒక థౌ అటూ ఇటూ కొలతలోనే రావచ్చు, అది పట్టించుకోను. ఐదింటిలో ఒక్కటి మూడు నాలుగు థౌలు కదిలినా ముందు మెడ చూడాలి, ఆ తర్వాతే క్రింప్. మావాడు చేసి చూపించాడు. క్రింప్ లేనివి ఐదింటిలో నాలుగు కదల్లేదు, ఒకటి ఐదు థౌలు లోపలికి పోయింది. "చూసినావా మామా, క్రింప్ కావాలి" అన్నాడు. ఆ ఒక్క కేసు చూపించమన్నాను. అడుగు మీద అచ్చు వేరే కంపెనీది. వాడి డబ్బాలో కలిసిపోయిన పాత కేసు, ఎన్నిసార్లు పేలిందో దేవుడికే తెలియాలి. మెడ కొలిస్తే మిగతావాటికన్నా రెండు థౌలు వదులు.

గురి విషయం. క్రింప్ వేస్తే గుంపు, అంటే కాగితం మీద పడే రంధ్రాల గుత్తి, బిగుస్తుందని కొందరు, చెదిరిపోతుందని కొందరు. రెండూ జరుగుతాయి, రైఫిల్‌ను బట్టి, లోడ్‌ను బట్టి. బుల్లెట్ కదలడానికి కావాల్సిన తొలి పీడనం అన్ని తూటాలకూ ఒకేలా ఉంటే వేగం తేడా తగ్గొచ్చు. మూతి పొడవులు, నొక్కు గట్టితనం వేరువేరుగా ఉంటే పెరగొచ్చు. నా .308లో కాలెట్ క్రింప్ ఉన్నవాటికీ లేనివాటికీ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద గానీ కాగితం మీద గానీ తేడా పట్టుకోలేకపోయాను. మూడు తూటాలతో ఒక గుంపు పేల్చి తీర్పు చెప్పేవాళ్ల మాట మాత్రం వినొద్దు. ఐదేసి చొప్పున, కనీసం నాలుగైదు గుంపులు, ఒకే రోజు, రెండు రకాలూ మార్చి మార్చి పేల్చి చూడండి.

ఇందులో మరిచిపోకూడనిది ఒకటుంది. క్రింప్ లేని లోడ్‌కు క్రింప్ జోడించినా, ఉన్నదాన్ని గట్టి చేసినా అది కొత్త లోడే. మందు పాత కొలతలోనే ఉంచి గరిష్ఠం దగ్గర పేల్చవద్దు. బుల్లెట్ కంపెనీ గానీ పౌడర్ కంపెనీ గానీ అచ్చేసిన పుస్తకంలోని తొలి కొలతకు వెనక్కి వెళ్లి, మెట్టుమెట్టుగా పైకి రావాలి, ప్రతి మెట్టు దగ్గరా పీడనం గుర్తులు చూసుకుంటూ. ఈ ఒక్క విషయంలో మావాడితో గట్టిగానే మాట్లాడాను, వాళ్లమ్మకు ఫోన్ చేసి చెబుతానని కూడా బెదిరించాను.

పోత సీసం బుల్లెట్లు వాడేవాళ్లకు రెండు ముక్కలు. మెత్తటి సీసాన్ని మూతి చెక్కేయకుండా ముందు మూతిని గంటలా కాస్త వెడల్పు చేస్తారు. ఆ వెడల్పును తర్వాత తిరిగి మూయాలి కాబట్టి ఏదో ఒక క్రింప్ వాళ్లకు తప్పదు. ఒంటి రాగి బుల్లెట్లు, బార్న్స్ టీఎస్ఎక్స్ లాంటివి, ఒంటి చుట్టూ కొన్ని గాడులతో వస్తాయి. క్రింప్ వేస్తే మూతి ఏదో ఒక గాడి మీదికి వచ్చేలా దించుకోవాలి.

నాలుగు రోజుల తర్వాత, ఇక్కడ కర్జికాయల డబ్బా సగం ఖాళీ అయ్యాక, వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. .30-30 తూటా, భుజం దగ్గర జూమ్ చేసి ఉంది. సన్నటి మెరుపు గీత. కింద, "ఇది నువ్వు చెప్పిన ఉంగరమేనా మామా?" అని.

కేసులు కత్తిరించినావా అని అడిగాను. సమాధానం రావడానికి పది నిమిషాలు పట్టింది. "కొన్ని."

పుల్లర్ తీసి అన్నీ విప్పమన్నాను. మంచి డమ్మీ ఒకటి కుదిరాక దాని పక్కన చిన్న రంధ్రం తొలిచి, అసలుదానితో ఎప్పుడూ కలవకుండా, ఆ బుల్లెట్ పేరు కాగితం మీద రాసి డై డబ్బాలోనే పెట్టుకోమన్నాను. మళ్లీ అదే బుల్లెట్ లోడ్ చేసేటప్పుడు దాన్ని ప్రెస్‌లో పెట్టి డై దాని మూతికి తగిలేదాకా దించితే చాలు, సెట్టింగ్ వెతుక్కోనక్కర్లేదు.